చిరునామా పట్టిక, ప్రాణ పరీక్ష: ఏటీఎం ఇంటర్‌ఫేసుల నిర్వహణపై ఒక సంవాదం

భారత్ సంచార్ నిగమ్ 2005 జనవరిలో టెలిఫోన్ తీగల మీద బ్రాడ్‌బ్యాండ్ సేవను ప్రారంభించింది. తర్వాతి సంవత్సరాల్లో ఆ సేవ కరీంనగర్, ఆదిలాబాద్ ఉమ్మడి జిల్లాల పట్టణాలకు విస్తరించినప్పుడు, ఇళ్లలో అమర్చిన ఏడీఎస్ఎల్ మోడెమ్‌లలో వీపీఐ అన్న గడిలో 0, వీసీఐ అన్న గడిలో 35 నింపవలసి ఉండేది. ఆ రెండు అంకెల్లో ఏది తప్పినా, తీగలో సంకేతం ఉండి మోడెమ్ మీద దీపం వెలుగుతున్నా, ఇంటర్నెట్ మాత్రం వచ్చేది కాదు. ఆ అంకెలు ఏటీఎం, అంటే అసింక్రనస్ ట్రాన్స్‌ఫర్ మోడ్ అనే ప్రసార పద్ధతికి చెందినవి. బ్యాంకుల నగదు యంత్రంతో దీనికి సంబంధం లేదు. మాట, చిత్రం, లెక్కల దస్త్రం, ఏదైనా సరే, 53 బైట్ల సమాన పొడవు ముక్కలుగా కోసి పంపడం ఈ పద్ధతికి మూలసూత్రం. ఆ ముక్కను సెల్ అంటారు. అందులో 5 బైట్లు శీర్షిక, మిగిలిన 48 బైట్లు సరుకు. సరుకుకు 32 బైట్లు చాలునని యూరప్ వారు, 64 కావాలని అమెరికా వారు పట్టుబట్టగా, రెండింటికీ నడుమ 48 ఖాయమైంది.

ఏటీఎం ఇంటర్‌ఫేసును, అంటే రూటర్ లేదా మోడెమ్ ఏటీఎం మార్గాన్ని తాకే ద్వారాన్ని, నిర్వహించేవారికి రెండు పనులు తప్పవు. మొదటిది చిరునామా నిర్ధారణ: ఫలానా ఐపీ చిరునామాకు వెళ్లవలసిన సమాచారాన్ని ఏ సర్క్యూట్‌లో వేయాలో తేల్చడం. రెండవది లోప పర్యవేక్షణ: ఆ సర్క్యూట్ ఇంకా పనిచేస్తోందో లేదో ఎప్పటికప్పుడు కనిపెట్టడం. ఈ రెంటినీ ఎవరి చేతిలో, ఏ స్థాయిలో పెట్టాలన్న విషయంలో ఇంజనీర్ల మధ్య చాలాకాలంగా భిన్నాభిప్రాయం ఉంది. ఆ భేదాన్ని స్పష్టంగా చూపడానికి ఇద్దరు వక్తలను ఇక్కడ కల్పించడమైనది. మొదటివారు కరీంనగర్ ఎక్స్ఛేంజిలో ప్రసార విభాగం చూసి పదవీ విరమణ చేసిన పెద్దాయన. మార్గాన్ని మనిషి నిర్ణయించాలని, లోపాన్ని నెట్‌వర్కే అంచెలంచెలుగా కనిపెట్టాలని ఆయన పక్షం. రెండవవారు ఆదిలాబాద్ జిల్లాలో ఫైబర్ మార్గాలను నిర్వహించే యువతి. చిరునామాలను యంత్రాలే తెలుసుకోవాలని, లోపాన్ని రెండు చివరల నుంచే పరీక్షించాలని ఆమె పక్షం.

విశ్రాంత ఇంజనీరు: ముందుగా ఒక సంగతి గుర్తుంచుకోవాలమ్మా. సెల్ మీద చేరవలసినవారి పూర్తి చిరునామా ఉండదు. ఉండేది వీపీఐ, వీసీఐ అనే రెండు అంకెల లేబుల్ మాత్రమే. వినియోగదారుడి వైపున మొదటిదానికి 8 బిట్లు, రెండవదానికి 16 బిట్లు. ఆ లేబుల్‌కు అర్థం ఆ ఒక్క లింకు వరకే. రామగుండంలోని రూటర్ 0/40 అని వేసి పంపిన సెల్, కరీంనగర్ స్విచ్ దాటేసరికి 1/72 కావచ్చు, హైదరాబాద్ చేరేసరికి 0/55 కావచ్చు. ప్రతి స్విచ్ తన పట్టిక చూసి పాత లేబుల్ తీసి కొత్తది అతికిస్తుంది. ఇలా ముందే కలిపి ఉంచిన మార్గాన్ని పీవీసీ, అంటే శాశ్వత వర్చువల్ సర్క్యూట్ అంటాం. ఏ ఐపీ చిరునామాకు ఏ పీవీసీ అన్నది వేసినవారికే తెలుసు గనుక, ఆ జత వారి చేతితో రూటర్‌లో రాయడమే న్యాయం. చేత్తో రాసిన పట్టికకు బాధ్యుడుంటాడు. తప్పు జరిగితే ఎవరిని అడగాలో తెలుస్తుంది.

యువ ఇంజనీరు: నాలుగు సర్క్యూట్లున్నప్పుడు అది న్యాయమే సార్. కాని మన ఉమ్మడి జిల్లాల పరిమాణం ఒకసారి లెక్కలోకి తీసుకోండి. 2016కు ముందు కరీంనగర్ జిల్లాలో 57 మండలాలు, ఆదిలాబాద్‌లో 52 ఉండేవి. మండల కేంద్రానికో రూటర్ పెట్టి, ప్రతిదాన్నీ మిగతా అన్నింటితో నేరుగా కలపాలనుకుంటే కరీంనగర్ ఒక్కదానికే 1,596 సర్క్యూట్లు కావాలి. ఒక్కో సర్క్యూట్‌కు రెండు చివరలు గనుక చేత్తో రాయవలసిన జతలు 3,192. ఒక రూటర్ చిరునామా మారిందంటే మిగతా 56 చోట్ల దిద్దుబాటు చేయాలి. అందులో ఒక్కచోట మరిచిపోతే, ఆ మండలానికి మాత్రమే దారి మూసుకుపోతుంది, మిగతావారందరికీ అంతా బాగానే కనిపిస్తుంది. అటువంటి తప్పును వెతకడం మొత్తం తెగిపోయిన తీగను వెతకడం కన్నా కష్టం.

విశ్రాంత ఇంజనీరు: అందరినీ అందరితో కలపమని ఎవరు చెప్పారు? జిల్లా కేంద్రం నడుమ ఉండి, మండలాలు దానితో మాత్రమే కలిస్తే 56 సర్క్యూట్లతో పని ముగుస్తుంది.

యువ ఇంజనీరు: ముగుస్తుంది, కాని అప్పుడు జమ్మికుంట నుంచి పక్కనే ఉన్న హుజూరాబాద్‌కు వెళ్లే సమాచారం కూడా కరీంనగర్ తిరిగి రావాలి. ఆ చిక్కు విప్పడానికే పెద్దలు రెండు పద్ధతులు ఏర్పరిచారు. ఇంటర్నెట్ ప్రమాణాలను ఆర్ఎఫ్సీ అనే వరుస సంఖ్యగల పత్రాలుగా వెలువరిస్తారు. ఈథర్నెట్ కోసం 1982 నవంబరులో వెలువడిన ఆర్ఎఫ్సీ 826 ఏఆర్‌పీని, అంటే చిరునామా నిర్ధారణ నియమావళిని ఇచ్చింది. అందులో ఒక యంత్రం ఫలానా ఐపీ చిరునామా ఎవరిదని లోకల్ నెట్‌వర్క్ అంతటికీ వినిపించేలా అడిగితే, దాని సొంతదారు జవాబిస్తాడు. ఏటీఎంలో అందరికీ ఒకేసారి వినిపించే వీలు లేదు. అందుకని 1994 జనవరిలో వచ్చిన ఆర్ఎఫ్సీ 1577 మార్గం మార్చింది. ఒక సబ్‌నెట్‌లోని యంత్రాలన్నీ ఏటీఎంఏఆర్‌పీ సర్వర్ అనే ఒకదాని దగ్గర తమ ఐపీ చిరునామాను, 20 బైట్ల ఏటీఎం చిరునామాను నమోదు చేసుకుంటాయి; ఎవరికి ఎవరి చిరునామా కావాలన్నా ఆ సర్వర్‌నే అడుగుతారు. ఇక పీవీసీ ముందే వేసి ఉన్నచోట రెండవ పద్ధతి పనికొస్తుంది. అక్కడ సర్క్యూట్ తెలుసు, అవతల ఎవరున్నారో తెలియదు. కనుక ఆ సర్క్యూట్‌లోకే 'నీ ఐపీ చిరునామా ఏమిటి' అన్న ప్రశ్న పంపి జవాబు రాసుకుంటారు. ప్రశ్న తలకిందులైంది గనుక దాన్ని విలోమ ఏఆర్‌పీ అంటారు. మనిషి చేయి పడదు, మరపు ఉండదు.

ఇక్కడ పెద్దాయన అభ్యంతరం దిశ మార్చుకుంది. పట్టికను ఎవరు రాస్తారన్నదాన్ని పక్కనపెట్టి, రాసిన పట్టిక ఎంతసేపు నిజంగా ఉంటుందని ఆయన అడిగారు.

విశ్రాంత ఇంజనీరు: నువ్వు చెప్పిన ఆ పత్రంలోనే గడువులు కూడా రాసి ఉన్నాయి. సర్వర్ పట్టికలో నమోదు కనీసం 20 నిమిషాలు చెల్లుతుంది, వినియోగదారు యంత్రంలో గరిష్ఠంగా 15 నిమిషాలు. అంటే ఒక మండలం దారి తెగిన తర్వాత కూడా, పావుగంట దాకా ఆ జత పట్టికలో నిక్షేపంగా ఉండవచ్చు. కవరు మీద చిరునామా సరిగా ఉన్నంత మాత్రాన ఆ ఇంట్లో మనిషి ఉన్నాడని తేలదు కదా. చేత్తో రాసిన జత ఎన్నాళ్లయినా చెరగదని నువ్వు ఆక్షేపిస్తే, యంత్రం రాసిన జత పావుగంట పాటు చెరగదు. ఆ పావుగంటలో పంపినదంతా శూన్యంలో పడుతుంది. రెండు పట్టికలకూ ఉన్న రోగం ఒకటే, దాని వ్యవధిలో మాత్రమే తేడా.

యువ ఇంజనీరు: ఆ పత్రం అంత అమాయకంగా లేదు సార్. గడువు ముగిసిన జతను సర్వర్ కళ్లు మూసుకుని తీసేయకూడదు. ఆ యంత్రంతో సర్క్యూట్ తెరిచి ఉంటే ముందు విలోమ ప్రశ్న పంపాలి, జవాబు వస్తే జతను కొనసాగించాలి, సర్క్యూట్ లేకపోతే తీసేయాలి. వినియోగదారు యంత్రం కూడా సర్క్యూట్ ఉన్నప్పటికీ గడువు తీరిన జతను తిరిగి సరిచూసుకున్నాకే సమాచారం పంపాలి. అంటే చిరునామా వెతుకులాటలోనే పరీక్ష ఇమిడి ఉంది.

విశ్రాంత ఇంజనీరు: ఇమిడి ఉంది, కాని పావుగంటకోసారి. అత్యవసర వైద్యం చేసే ఆసుపత్రికి, బొగ్గు గనికి పావుగంట పరీక్ష ఏం పనికొస్తుంది? అదీగాక, నమోదు చేసే సర్వర్ ఒక్కటే పడిపోతే జిల్లా అంతా చిరునామాలు లేనిదవుతుంది.

యువ ఇంజనీరు: సర్వర్ విషయాన్ని 1998 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్ఎఫ్సీ 2225 కొంత సరిదిద్దింది, యంత్రానికి ఒక్క సర్వర్ బదులు సర్వర్ల జాబితా ఇవ్వవచ్చునని అది ఒప్పుకుంది. కాలవ్యవధి విషయంలో మాత్రం మీ అభ్యంతరం నిలుస్తుంది. పావుగంట పరీక్షతో సరిపెట్టుకోలేము. మరి మీ పక్షం ఇచ్చే పరీక్ష ఏది?

సంవాదంలో సాంకేతికంగా అన్నిటికన్నా సారవంతమైన భాగం ఈ ప్రశ్నతో మొదలైంది. పెద్దాయన జవాబు ఓఏఎం సెల్స్ గురించి: అంటే నిర్వహణ కోసమే పుట్టించి, వినియోగదారుల సెల్స్ వెళ్లే దారిలోనే పంపే ప్రత్యేక సెల్స్ గురించి. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు ఐ.610 వీటి రూపాన్ని, నడవడిని నిర్దేశించింది. భౌతిక తీగకు సంబంధించిన అంచెలు ఎఫ్1 నుంచి ఎఫ్3 వరకు, వీపీఐ మార్గానికి ఎఫ్4, వీసీఐ సర్క్యూట్‌కు ఎఫ్5 అని అది స్థాయిలను విభజించింది.

విశ్రాంత ఇంజనీరు: రాజీవ్ రహదారి వెంట హైదరాబాద్, సిద్దిపేట, కరీంనగర్, పెద్దపల్లి, రామగుండం వరుసలో ఒక మార్గాన్ని ఊహించుకో అమ్మా. సిద్దిపేట అవతల రోడ్డు వెడల్పు పనిలో జేసీబీ తగిలి, హైదరాబాద్ నుంచి కరీంనగర్ వైపు వచ్చే ఫైబర్ తెగింది; తిరుగు దిశలో వెళ్లేది బాగానే ఉంది. రామగుండంలోని రూటర్‌కు దాని పక్కనున్న స్విచ్‌తో తీగ చక్కగా ఉంది, ఇంటర్‌ఫేసు దీపం పచ్చగా ఉంది. ఆ దీపాన్ని నమ్ముకుంటే అక్కడి ఆపరేటర్ సాయంత్రం దాకా తన వైపు లోపం లేదనే చెబుతాడు. ఐ.610 ఏం చేయిస్తుందో చూడు. సంకేతం ఆగిపోయిందని గుర్తించిన కరీంనగర్ స్విచ్, ఆ తీగలో వస్తూ ఉండిన ప్రతి సర్క్యూట్‌లోనూ దిగువకు ఏఐఎస్, అంటే హెచ్చరిక సెల్ పంపుతుంది. లోపం ఉన్నంతసేపూ సెకనుకొకటి చొప్పున పంపుతూనే ఉంటుంది. దాన్ని అందుకున్న రామగుండం చివర, ఎదురు దిశలో హైదరాబాద్‌కు ఆర్‌డీఐ, అంటే 'నీ నుంచి రావలసినది రావడం లేదు' అన్న సెల్ పంపుతుంది. ఒకటి రెండు సెకన్లలో రెండు చివరలకూ లోపం తెలిసిపోతుంది. లోపం తొలగి హెచ్చరికలు ఆగాక దాదాపు రెండున్నర సెకన్లకు ఆ స్థితి దానంతట అదే రద్దవుతుంది. పావుగంట ఎక్కడ, రెండు సెకన్లు ఎక్కడ?

యువ ఇంజనీరు: ఆ ఉదాహరణలో కరీంనగర్ స్విచ్‌కు సంకేతం ఆగిపోయింది గనుక అది అరిచింది. సంకేతం ఆగకుండా లోపం వస్తేనో? ఒక స్విచ్ పట్టికలో 1/72ను 0/55కు కలపవలసింది పొరపాటున 0/56కు కలిపారనుకోండి. తీగలన్నీ బాగున్నాయి, ఏ స్విచ్‌కూ సంకేతం పోలేదు, ఏ హెచ్చరిక సెల్ పుట్టదు. సమాచారం మాత్రం వేరే ఇంటికి పోతుంది.

విశ్రాంత ఇంజనీరు: అటువంటి మూగ లోపాల కోసమే సీసీ, అంటే కొనసాగింపు పరీక్ష ఉంది. సర్క్యూట్‌లో వినియోగదారుల సెల్ ఏదీ సెకను పాటు లేకపోతే ఒక చివర సీసీ సెల్ పంపుతుంది. అవతలి చివరకు మూడున్నర సెకన్ల పాటు ఏ సెల్ అందకపోతే దారి పోయిందని తేల్చుకుంటుంది. ఇంకొకటి లూప్‌బ్యాక్: ఒక సెల్ పంపి, అవతలివారు దాన్ని తిప్పి పంపుతారా లేదా అని చూడడం, అయిదు సెకన్లలో తిరిగిరాకపోతే విఫలమైనట్టే.

యువ ఇంజనీరు: సర్క్యూట్ ప్రతిదానికీ ఈ సెల్స్ మోయించడం భారం కాదా?

విశ్రాంత ఇంజనీరు: లెక్క వేసి చూడు. ఒక సెల్ 53 బైట్లు, అంటే 424 బిట్లు. సీసీ సెకనుకొకటి అయితే సర్క్యూట్‌కు సెకనుకు 424 బిట్లు. నువ్వు చెప్పిన మండల రూటర్‌కు 56 సర్క్యూట్లుంటే, అన్నీ ఒకేసారి ఖాళీగా ఉన్నా, మొత్తం 23,744 బిట్లు. 2 మెగాబిట్ల ఈ1 లైనులో అది నూటికి ఒకటికి కాస్త పైన. పదేసి సెకన్లకొక లూప్‌బ్యాక్ సెల్ మాత్రమే పంపితే అందులో పదో వంతు. దారి ప్రాణంతో ఉందని తెలుసుకోవడానికి ఆపాటి ఖర్చు ఎక్కువ కాదు.

యువ ఇంజనీరు: ఖర్చు విషయంలో మీ మాట ఒప్పుకోవలసిందే. కాని ఇంతకన్నా లోతైన అభ్యంతరం ఒకటుంది. మీ సెల్స్ పరీక్షించేది ఏటీఎం దారిని మాత్రమే. మనిషికి కావలసినది సేవ. మన ఇళ్లలోని ఆ 0/35 సర్క్యూట్‌నే తీసుకోండి. అది ఇంట్లోని మోడెమ్ దగ్గర మొదలై ఎక్స్ఛేంజిలోని డీఎస్ఎల్ఏఎం దగ్గర, అంటే వందలాది టెలిఫోన్ తీగల నుంచి డేటాను వేరుచేసి పోగుచేసే పెట్టె దగ్గర ముగుస్తుంది. ఆపైన ఉన్నది ఈథర్నెట్. మోడెమ్ పరీక్షల పేజీలో ఎఫ్5 పరీక్ష రెండు రకాలుగా కనిపిస్తుంది, సెగ్మెంట్ అని ఒకటి, ఎండ్ టు ఎండ్ అని ఒకటి. చివరి దాకా అని పేరున్న ఆ రెండవది నిజానికి ఏటీఎం చివరి దాకానే వెళుతుంది. అది పాసైనా, ఎక్స్ఛేంజి నుంచి పైకి వెళ్లే ఫైబర్ తెగి ఉంటే ఇంటర్నెట్ రాదు. ఆ ఇంట్లో చదువుకునే పిల్లకు ఎఫ్5 పాసైందని చెప్పి ఏం లాభం?

విశ్రాంత ఇంజనీరు: మరి ఆ 0/35 మీద చిరునామా ఎలా నిర్ధారణ అవుతుంది, ప్రాణం ఎలా తెలుస్తుంది?

యువ ఇంజనీరు: అక్కడ ఏటీఎంఏఆర్‌పీ ప్రసక్తే లేదు. 1999 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్ఎఫ్సీ 2516 చెప్పిన పీపీపీఓఈ పద్ధతి పనిచేస్తుంది. మోడెమ్ ముందు 'సేవ ఇచ్చేవారెవరైనా ఉన్నారా' అని పిలుస్తుంది, పైనున్న సర్వర్ బదులిస్తుంది, ఇద్దరి మధ్య సెషన్ ఏర్పడుతుంది, యూజర్ పేరు, పాస్‌వర్డ్ సరిచూశాక ఐపీ చిరునామా అందుతుంది. ఆ తర్వాత రెండు వైపులా మధ్యమధ్య ఎల్‌సీపీ ఎకో అనే పలకరింపు పంపుకుంటాయి. వరుసగా కొన్నిటికి జవాబు రాకపోతే సెషన్ తెగినట్టే, ఇచ్చిన చిరునామా వెనక్కి పోయినట్టే. చిరునామా, ప్రాణ పరీక్ష ఇక్కడ ఒకే సెషన్‌లో ఉన్నాయి. ఒకటి పోతే రెండవది నిలవదు. మీ పట్టికల్లో లేనిది ఈ బంధమే.

ఈ వాదానికి బలముంది. పీవీసీ మీద పర్యవేక్షణ అమర్చని రూటర్, భౌతిక తీగ బాగున్నంతకాలం ఆ పీవీసీ పనిచేస్తున్నట్టే చూపుతుంది; దాని మీద ఆధారపడిన చిరునామా జత, దారి పట్టిక రెండూ అలాగే నిలిచి ఉంటాయి; రెండవ మార్గం సిద్ధంగా ఉన్నా సమాచారం అటు మళ్లదు. పర్యవేక్షణ అమర్చినప్పుడు మాత్రమే లూప్‌బ్యాక్ వైఫల్యం సర్క్యూట్‌ను పడగొడుతుంది, సర్క్యూట్ పడితే దారి పట్టిక మారుతుంది. సిస్కో రూటర్లలో ముందుగా ఉండే అమరిక ప్రకారం లూప్‌బ్యాక్ పది సెకన్లకోసారి వెళుతుంది. ఒకటి తప్పిన వెంటనే సెకనుకొకటి చొప్పున మళ్లీ ప్రయత్నించి, వరుసగా అయిదు విఫలమైతే సర్క్యూట్ పడిందని, పడినది వరుసగా మూడు సఫలమైతే లేచిందని నిర్ణయిస్తుంది. ఈ అంకెలను ఎంతవరకు బిగించాలన్న దగ్గర కూడా ఇద్దరూ ఏకీభవించలేదు.

యువ ఇంజనీరు: అయిదు ఎందుకు సార్? రెండు చాలు. ఎంత త్వరగా తెలిస్తే అంత త్వరగా రెండవ దారికి మళ్లవచ్చు.

విశ్రాంత ఇంజనీరు: ఫైబర్ మీద రెండు చాలవచ్చు. రాగి తీగ సంగతి వేరు. వానాకాలంలో జాయింట్‌లో నీళ్లు చేరుతాయి, పిల్లర్‌లో, డీపీ పెట్టెలో తుప్పు పడుతుంది, అడవి దాటే తీగ గాలికి ఊగి కొమ్మలకు తగులుతుంది. లైను పోదు, కాసేపు రొద పెరిగి తగ్గుతుంది. రెండు తప్పులకే సర్క్యూట్ పడిందని ప్రకటిస్తే అది నిమిషానికి నాలుగుసార్లు పడి లేస్తుంది. పడిన ప్రతిసారీ దారి పట్టికలు మారుతాయి, చిరునామాలు మళ్లీ అడగవలసి వస్తుంది, ఆ గందరగోళం బాగున్న మండలాలను కూడా తాకుతుంది. పడిందనడానికి కొంత ఓపిక, లేచిందనడానికి కొంత జాగ్రత్త, రెండూ కావాలి.

యువ ఇంజనీరు: అంటే అంకెలు ఊరిని బట్టి, తీగను బట్టి మారాలి.

విశ్రాంత ఇంజనీరు: అవును. పుస్తకంలోని అంకెను నిర్మల్ పట్టణానికీ, మహబూబ్ ఘాట్ అవతలి అడవి పల్లెకూ ఒకటిగా వేయకూడదు. కాని నీ ఎల్‌సీపీ ఎకోను ఒకటి అడగాలి. సెషన్ తెగిందని అది చెప్పింది. ఎక్కడ తెగింది? ఇంట్లోని డ్రాప్ వైరులోనా, డీపీలోనా, ఎక్స్ఛేంజి ఎండీఎఫ్ జంపర్‌లోనా, డీఎస్ఎల్ఏఎంలోనా, పైకి వెళ్లే ఫైబర్‌లోనా? చివరల పరీక్షకు ఉన్న జవాబు ఒక్కటే: 'లేదు'. ఆ ఒక్క మాట పట్టుకుని లైన్‌మన్ ఏ దిక్కుకు బయలుదేరాలి? ఇంటాయన 198కి ఫోన్ చేసి చెప్పే ఫిర్యాదులో కూడా అంతకన్నా ఎక్కువ సమాచారం ఉండదు.

యువ ఇంజనీరు: ఎక్కడో తెలుసుకోవడం రెండవ అడుగు. ఉందో లేదో తెలుసుకోవడం మొదటిది.

విశ్రాంత ఇంజనీరు: పట్టణంలో ఆ వరుస సరే. ఆదిలాబాద్ నుంచి ఉట్నూరు మీదుగా ఆసిఫాబాద్ దాకా, తిర్యాణి దాకా ఉన్న పల్లెలకు మాత్రం రెండవ అడుగే మొదటిది. లోపం రెండు సెకన్లలో తెలిసినా, పదిహేను సెకన్లలో తెలిసినా ఆ ఊరివారికి తేడా లేదు. లోపం ఎక్కడో తెలియక మనుషులు తప్పు దిక్కుకు వెళ్లి వెనక్కి వస్తే ఒక పూట పోతుంది. రేషన్ దుకాణంలో వేలిముద్ర యంత్రం ఆ పూటంతా ఆగిపోతుంది. మీసేవ కేంద్రానికి పది ఊళ్ల నుంచి వచ్చినవారు ఉత్త చేతులతో వెనుదిరుగుతారు. ఓఏఎం సెల్ లోపల ఏముందో చూస్తే, ఆ సెల్‌ను రూపొందించినవారు ఈ సంగతిని ఆలోచించారని తెలుస్తుంది. హెచ్చరిక సెల్ సరుకులో ఒక బైటు లోపం ఏ రకమో చెప్పడానికి, 16 బైట్లు లోపం ఎక్కడో చెప్పడానికి కేటాయించారు. లూప్‌బ్యాక్ సెల్‌లో కూడా ఎవరు తిప్పి పంపాలో చెప్పే స్థానసూచికకు 16 బైట్లు, పంపినవారి గుర్తుకు 16 బైట్లు ఉన్నాయి. ఆ స్థానసూచికలో మొదట కరీంనగర్, తర్వాత సిద్దిపేట, తర్వాత హైదరాబాద్ అని వరుసగా రాసి పంపితే, ఏ అంచె దాకా జవాబు వస్తోందో, ఎక్కడి నుంచి రావడం లేదో కుర్చీలో కూర్చునే తేల్చవచ్చు.

యువ ఇంజనీరు: ఆ లోపస్థానం గడిని తప్పనిసరి చేయలేదు కదా సార్. వాడకపోతే ప్రతి బైటులోనూ షోడశాంశ పద్ధతిలో 6ఏ అన్న పూరక విలువ నింపితే చాలునని అదే సిఫారసు అంటుంది. చోటిచ్చి, రాయకపోయినా ఫరవాలేదన్న తర్వాత, రాయడానికి శ్రమపడేవారెందరు?

విశ్రాంత ఇంజనీరు: సిఫారసు తప్పు అనలేం, నింపని చేతిదే తప్పు. 16 బైట్ల ఖాళీ గడిలో ఊరి గుర్తు రాయడానికి కొత్త పరికరం కొననక్కరలేదు, కొత్త తీగ వేయనక్కరలేదు. ఆ ఒక్క ఓపిక లేక, లోపం తెలిసి కూడా చోటు తెలియని స్థితిలో ఉండడం క్షమించరానిది.

యువ ఇంజనీరు: ఊరి గుర్తు అన్నారు, ఏ గుర్తు రాయాలి? 2016 అక్టోబరు 11న ఉమ్మడి ఆదిలాబాద్ విడిపోయి ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ అని నాలుగు జిల్లాలయింది. సర్క్యూట్ వివరణలో చేత్తో రాసిన జిల్లా పేర్లు ఒక్కరోజులో పాతబడ్డాయి. చేతిరాతను ఎందుకు నమ్మకూడదో ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

విశ్రాంత ఇంజనీరు: జిల్లా పేర్లు మారాయి, ఎస్టీడీ కోడ్లు మారలేదు. ఆదిలాబాద్‌కు 08732, నిర్మల్‌కు 08734, మంచిర్యాలకు 08736 అప్పుడూ ఉన్నవే, ఇప్పుడూ ఉన్నవే. పాలన హద్దును బట్టి పెట్టిన పేరు హద్దుతో పాటు మారుతుంది. ఎక్స్ఛేంజి కట్టడాన్ని బట్టి పెట్టిన గుర్తు, ఆ కట్టడం ఉన్నంతకాలం నిలుస్తుంది. ఐపీ చిరునామాను యంత్రం తెలుసుకోనీ, అది మారేది గనుక. స్థానం గుర్తును మాత్రం మనిషే ఇవ్వాలి. తాను గుడిహత్నూరులో ఉన్నానని ఏ స్విచ్‌కూ దానంతట తెలియదు.

ఈ మాటతో రెండు పక్షాల మధ్య హద్దు తేటపడింది. మారే చిరునామాను యంత్రం తెలుసుకోవాలన్న యువ ఇంజనీరు పక్షాన్ని పెద్దాయన అంగీకరించారు. మారని స్థానాన్ని మనిషి రాయాలన్న ఆయన పక్షాన్ని ఆమె అంగీకరించారు. ఒక్క విషయంలో భేదం మిగిలింది: నడిమి అంచెలు మోసే పర్యవేక్షణ భారం అవసరమా, చివరల పరీక్ష చాలదా అన్నది. ఆ ప్రశ్నకు తర్వాతి కాలపు సాంకేతిక చరిత్రే జవాబు చెప్పింది. దూరమార్గాల్లో ఏటీఎం స్థానాన్ని ఈథర్నెట్, ఎంపీఎల్ఎస్ అనే ప్రసార పద్ధతులు ఆక్రమించాయి. కాని ఈథర్నెట్ పెద్ద నెట్‌వర్కులకు ఎక్కగానే దానికి ఏటీఎం తరహా పర్యవేక్షణ లేని లోటు తెలిసివచ్చింది. 2006లో వచ్చిన వై.1731 సిఫారసు, 2007లో వచ్చిన ఐఈఈఈ 802.1ఏజీ ప్రమాణం కొనసాగింపు పరీక్షను, లూప్‌బ్యాక్‌ను ఈథర్నెట్‌కు తెచ్చాయి, వై.1731 ఏఐఎస్‌ను కూడా అదే పేరుతో తెచ్చింది. అంచెలంచెలుగా వెతకాలన్న పెద్దాయన సూత్రం, ఏటీఎం వెనుకబడిన తర్వాత కూడా చెల్లుబాటయింది.

యువ ఇంజనీరు సూత్రానికి కూడా అంతటి ఆదరణే దక్కింది. ఐపీ ఆరవ రూపంలో ఏఆర్‌పీ స్థానాన్ని తీసుకున్న పొరుగు అన్వేషణ నియమావళి, 2007 నాటి ఆర్ఎఫ్సీ 4861 రూపంలో, చిరునామా జతకు ప్రాణస్థితిని కూడా జోడించింది. పట్టికలోని ప్రతి జతా చేరగలిగినది, సందేహంలో ఉన్నది, పరీక్షలో ఉన్నది వంటి స్థితుల్లో ఒకదానిలో ఉంటుంది. అవతలి యంత్రం బతికి ఉన్నట్టు రుజువు అందిన తర్వాత సుమారు 30 సెకన్లకు జత సందేహస్థితికి జారుతుంది. ఆపైన ఏదైనా పంపవలసి వచ్చి అయిదు సెకన్లలో కొత్త రుజువు దొరకకపోతే, సెకనుకొకటి చొప్పున మూడుసార్లు పలకరించి, జవాబు లేకపోతే జతను తీసేస్తుంది. 1994లో 15 నిమిషాల గడువు పెట్టుకున్న పట్టికకు, ఈ పట్టికకు ఉన్న తేడా వేగంలో ఒక్కదానిలోనే లేదు. చిరునామా తెలిసి ఉండడం, చేరగలగడం వేర్వేరు సంగతులని ఈ పట్టిక మొదటి నుంచీ గుర్తించింది.

తెలంగాణ ఫైబర్ గ్రిడ్ కోసం మిషన్ భగీరథ నీటిగొట్టాల కందకాల్లోనే ఫైబర్ గొట్టాలు కూడా వేసిన నేటి దశలో, ఏటీఎం సెల్ ఈ రెండు ఉమ్మడి జిల్లాల్లో దాదాపు పాతకాలపు వస్తువు. మోడెమ్‌లో 0/35 నింపే అవసరం ఫైబర్ వచ్చిన ఇంట్లో లేదు. అయినా ఈ సంవాదంలో తేలిన నియమాలు ఏ తీగ మీదనైనా వర్తిస్తాయి. చిరునామా పట్టికలోని ప్రతి జతా గడువున్న వాంగ్మూలం; పరీక్ష దాన్ని నిలబెట్టాలి, పరీక్ష విఫలమైతే ఆ జత తక్షణం పోవాలి, దానితో పాటు దారి మళ్లాలి. పడింది, లేచింది అని నిర్ణయించే అంకెలు ఆ తీగ స్వభావాన్ని బట్టి ఉండాలి. లోపాన్ని కనిపెట్టే ప్రతి సందేశంలోనూ లోపం చోటు ఉండాలి, ఆ చోటు గుర్తు జిల్లా హద్దులు మారినా మారనిదై ఉండాలి.

వీటిలో మొదటి రెండింటిని పరికరాల తయారీదారులు చాలామటుకు నెరవేర్చారు. మూడవది ఇంకా స్థానిక నిర్వాహకుల చేతిలోనే ఉంది, ఎందుకంటే తిర్యాణిలోనో గుడిహత్నూరులోనో ఉన్న పెట్టె ఎక్కడుందో ప్రపంచంలో ఏ కర్మాగారానికీ తెలియదు. నెట్‌వర్కును అప్పగించే రోజున వేగం ఎంతో కొలిచి సంతకం చేసే అధికారి, ప్రతి పరికరంలో స్థానం గడి నిండి ఉందా అని కూడా చూసి సంతకం చేయడం ఆనవాయితీ కావాలి. అడవి అంచు పల్లె ఎన్ని గంటలు నెట్‌వర్కు లేకుండా ఉండాలన్నది లోపం తెలిసిన క్షణం మీద కన్నా, ఆ గడిలో ఏం రాసి ఉందన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.